ముగ్గురు మంత్రగత్తెలు, మన ఊళ్ళలో చిల్లంగి మాట



పోస్టు పెద్దది. తీరిక చూసుకుని చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, చదవకముందే తిట్టొద్దు. ఎందుకంటే మేము రాస్తున్నది మంత్రగత్తెల నవల గురించి, అదీ కడుపుబ్బ నవ్వించే నవల గురించి. మన ఏజెన్సీలో చిల్లంగి పెట్టారనే అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు పేపర్లో వస్తుంటే మంత్రగత్తెల మీద జోకులేంటని మా హాస్టల్లోనే ఇద్దరు ముగ్గురు అడిగారు. అడగాల్సిన మాటే. కానీ అలాంటి చోట పుట్టినోళ్ళం కాబట్టే ఈ పుస్తకం మనం చదవాలని మా అభిప్రాయం. ఎందుకో చెప్తాం.

మేమంటే ఒకే రూములో ఉంటున్న ఆరుగురు అమ్మాయిలం. అందరం మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం. మాలో ఒకామె ఇంగ్లీషు లిటరేచర్ చదువుతోంది, ఆమె సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చింది ఈ పుస్తకం. పేరు 'విర్డ్ సిస్టర్స్'. రాసినాయన టెర్రీ ప్రాచెట్, ఇంగ్లండ్ రచయిత, 2015లో చనిపోయారు. డిస్క్‌వరల్డ్ అనే ఒక కల్పిత లోకం మీద ఆయన 41 నవలలు రాస్తే ఇది ఆరోది, 1988లో వచ్చింది. ఇంగ్లీషు మాకు అంత సులువుగా రాదు, ఈయన ఇంగ్లీషు మరీ తిరకాసు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒకరు చదవడం, ఆమె తెలుగులో విప్పి చెప్పడం, ఫోన్లో డిక్షనరీ వెతకడం, ఇలా నెలన్నర పట్టింది. కొన్ని జోకులు రెండు రోజుల తర్వాత మెస్సులో లైన్లో నిలబడి ఉన్నప్పుడు అర్థమయ్యాయి.

కథ లాంకర్ అనే చిన్న కొండ రాజ్యంలో జరుగుతుంది. అక్కడ ముగ్గురు మంత్రగత్తెలు. గ్రానీ వెదర్‌వాక్స్ పెద్దది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, అడవి అంచున గుడిసెలో ఒక్కత్తే ఉంటుంది. మహా పొగరు. మంత్రం చాలా తెలుసు గానీ వాడదు, ఎదుటి మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలు, మంత్రం దేనికంటుంది. రెండోది నానీ ఆగ్. (మన సినిమా హీరో కాదు, ఈ నానీ పొట్టిగా, లావుగా ఉండే ముసలమ్మ.) బోలెడు మంది పిల్లలు, మనవలు, తాగుతుంది, బూతు పాటలు పాడుతుంది, ఊళ్ళో అందరి ఇళ్ళలో జరిగేది ఆమెకి తెలుసు. మూడోది మాగ్రట్ గార్లిక్, వయసులో చిన్నది. మంత్రగత్తె అంటే ఇలాంటి నగలు వేసుకోవాలి, ఇలాంటి కొవ్వొత్తులు పెట్టుకోవాలి అని పుస్తకాల్లో చదివి అలాగే చేస్తుంటుంది. మొదటి ఇద్దరూ ఆమెని చూసి ముసిముసిగా నవ్వుకుంటారు. మా రూములో ఆరుగురిలో ఎవరు మాగ్రట్ అన్నది రెండో రోజే తేలిపోయింది, పేరు రాయొద్దని బతిమాలుతోంది కాబట్టి రాయట్లేదు.

ఆ రాజ్యంలో రాజుని ఒక డ్యూక్ చంపి సింహాసనం ఎక్కుతాడు. వెనక ఉండి ఎక్కించింది అతని భార్య. పసిబిడ్డ రాకుమారుడిని ఈ ముగ్గురూ ఒక నాటకాల కంపెనీ వాళ్ళకి అప్పగించి దాచేస్తారు. షేక్‌స్పియర్ మాక్‌బెత్ చదివినవాళ్ళకి ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. షేక్‌స్పియర్ నాటకంలో మంత్రగత్తెలు ముగ్గురు తుఫానులో కనిపించి, భయపెట్టి, మాయమైపోతారు. వాళ్ళకి ఇల్లేదు, పేరు కూడా లేదు. ప్రాచెట్ చేసిన పనేంటంటే ఆ ముగ్గుర్నీ ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళు టీ తాగుతారు, పిల్లి ఎక్కడికి పోయిందో వెతుక్కుంటారు, ఈ వారం ఎవరింట్లో కలవాలో గొడవ పడతారు. నవ్వంతా అందులోంచే పుడుతుంది. మనుషులు మంత్రగత్తెల్ని చూసి నవ్వే నవల కాదిది. మంత్రగత్తెలు మనుషుల్ని చూసి నవ్వుతారు, ఎక్కువగా ఒకర్నొకరు చూసుకుని నవ్వుకుంటారు. మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

మన తెలుగులో మంత్రం కథలు ఎన్ని లేవు! బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు, పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు. వాళ్ళు విలన్లయినా వాళ్ళకో దర్జా ఉంది. ఎస్వీ రంగారావు గారి వేషం, మాట, ఆ నడక ఇప్పటికీ జనం అనుకరిస్తారు. మగాడికి మంత్రం వస్తే మాంత్రికుడు, అతన్ని చూసి రాజులు కూడా భయపడతారు. ఆడదానికి మంత్రం వస్తుందని ఎవరైనా అంటే చాలు, ఆమె ఊళ్ళో బతకడం కష్టం. చేతబడి మీద యండమూరి గారి 'తులసిదళం' మా సీనియర్ అక్కలు రాత్రుళ్ళు భయపడుతూ చదివారు, మేమూ చదివాం. భయం బాగానే వేసింది. కానీ ఆ నవల పుస్తకం మూసేస్తే అయిపోతుంది. మా ఊళ్ళలో ఆ భయానికి మూత లేదు.

తెలుగులో రెండు మాటలున్నాయి: మంత్రసాని, మంత్రగత్తె. రెండిట్లోనూ మంత్రం ఉంది. ప్రాచెట్ మంత్రగత్తెలు చేసే పనుల్లో ఎక్కువ భాగం మంత్రసాని పనే. పురుళ్ళు పోస్తారు, జ్వరాలకి ఆకు పసరు ఇస్తారు, ఎవరైనా చనిపోతే శవానికి స్నానం చేయిస్తారు, పొలం గట్టు తగాదా తీరుస్తారు. మన గూడేల్లో ఈ పనులన్నీ చేసే ముసలమ్మలు లేరా? అంబులెన్స్ రాని చోట, డోలీ కట్టి మోసుకెళ్ళాల్సిన చోట, ఇప్పటికీ మొదట పిలిచేది వాళ్ళనే. బిడ్డ బతికితే ఆమె మంత్రసాని. ఇంట్లో వరసగా ఇద్దరు పోతే, ఆమె ఆ ఇంటికి ఒకసారి వచ్చెళ్ళి ఉంటే, ఆమె ఏమవుతుందో మనందరికీ తెలుసు. మలేరియా అయ్యుండొచ్చు, సికిల్ సెల్ అయ్యుండొచ్చు, రక్తం చాలక అయ్యుండొచ్చు. రక్త పరీక్ష దాకా వెళ్ళని చావుకి ఊరు ఒక కారణం వెతుక్కుంటుంది. ఆ కారణానికి ఒక ముఖం కావాలి. మగవాళ్ళ మీద కూడా ఈ నింద పడుతుంది, ఆ మాట దాచడం లేదు, మన వైపు మగవాళ్ళనీ చంపారు. అయినా అండలేని ఆడమనిషి మీద ఈ నింద వేసినంత తేలిగ్గా ఇంకెవరి మీదా వెయ్యలేరు.

మాలో ఒకమ్మాయి ఊళ్ళో అలాంటి మామ్మ ఉంది. పేరు, ఊరు రాయం. భర్త పోయాడు. మరిది ఇంట్లో ఒకే వానాకాలంలో ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. ఆమె పేరు మీద ఎకరంన్నర పోడు భూమి ఉంది, పట్టా కూడా ఉంది. ఆ మూడు ముక్కలూ కలిపి చదువుకోండి, ఇంకేం చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆమె ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు తాగరు. వారపు సంతకి పిప్పళ్ళు, అడ్డాకులు తెచ్చి అమ్ముకుంటుంది, ఆమె పక్కన గోనె పరవడానికి ఎవరూ రారు. షావుకారు మాత్రం వస్తాడు, ఆమె దగ్గర ఇంకెవరూ కొనరని తెలుసు కాబట్టి సగం రేటుకి కొంటాడు. చిల్లంగికి షావుకారు భయపడడు, గమనించండి.

గ్రానీ వెదర్‌వాక్స్ మా గూడెంలో పుట్టి ఉంటే ఏమయ్యేది అని ఒక రాత్రి మాట్లాడుకున్నాం. పెళ్ళి చేసుకోలేదు, అడవి అంచున ఒంటరిగుడిసె, ఎవరినీ లెక్కచెయ్యదు, ఆకులు వేళ్ళు తెలుసు, పెద్దమనుషుల మొహం మీదే మాట అనేస్తుంది. మొదటి జ్వరం సీజన్‌కే ఆమె పని అయిపోయేది. మరి లాంకర్‌లో ఎలా బతికింది? మంత్రం వల్ల అని మాలో ఇద్దరు అన్నారు. మిగతా వాళ్ళం ఒప్పుకోలేదు. ఆమె ఇంటికి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చిపోతుంటారు, బతికిందందుకే. వాళ్ళలో ఒకామెకి ఊరి నిండా కొడుకులూ కోడళ్ళూ ఉన్నారు. గ్రానీ జోలికి వెళ్తే నానీ ఆగ్ కుటుంబం మొత్తం లేస్తుంది. నానీని డ్యూక్ మనుషులు పట్టుకుని కోట కింద చెరలో వేస్తే గ్రానీ, మాగ్రట్ ఆమె కోసం కోటకి వెళ్తారు. అలాగని వాళ్ళు ప్రాణ స్నేహితురాళ్ళం అని ఎప్పుడూ అనుకోరు. ఒకరి మీద ఒకరికి ఎన్నో ఫిర్యాదులు, మధ్యలో అలిగి విడిపోతారు కూడా. మాగ్రట్ ప్రేమ విషయంలో ఆ ఇద్దరు పెద్దవాళ్ళు దూర్చిన తలలు చూస్తే మన మేనత్తలు గుర్తొస్తారు. కానీ రాజ్యం మొత్తాన్ని ఒక్క రాత్రిలో పదిహేనేళ్ళు ముందుకి జరపాల్సి వచ్చినప్పుడు (అవును, అలాంటి పని చేస్తారు, రాకుమారుడు త్వరగా పెద్దవాడవ్వాలని) మళ్ళీ ముగ్గురూ కలిసే చీపుర్లెక్కుతారు. గ్రానీ చీపురు మొండిది, దాన్ని పట్టుకుని చాలాసేపు పరిగెడితేగానీ స్టార్టవ్వదు. మా ఊరికెళ్ళే సర్వీసు ఆటో అచ్చం అంతే.

ఇంకో మాట, ఇది ఆదివాసీలుగా మనకి వెంటనే తగులుతుంది. ఆ డ్యూక్‌కి అడవంటే పడదు. రాజు చనిపోయినందుకు లాంకర్ నేలకి కోపం లేదు, రాజులు చావడం దానికి అలవాటే. కొత్తవాడికి తనంటే ఇష్టం లేదని దాని బాధ. ఆ బాధ చెప్పుకోవడానికి అడవిలో జంతువులన్నీ గ్రానీ గుడిసె ముందుకొచ్చి నిలబడతాయి. తోడేలు పక్కన జింక, ఏదీ దేన్నీ తినదు. అక్కడ చదవడం ఆపేసి కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఇంగ్లండ్‌లో కూర్చున్న రచయితకి ఈ ఊహ ఎలా వచ్చిందో!

అసలు సంగతి నవల రెండో సగంలో ఉంది. డ్యూక్ మంత్రగత్తెల్ని బలంతో ఓడించలేకపోతాడు. అప్పుడు ఆస్థాన విదూషకుడు చెప్పిన మాటల్లోంచి అతనికొక ఉపాయం దొరుకుతుంది: మాటల్తో ఓడించొచ్చు. ముందు పుకార్లు. జనం నెమ్మదిగా మర్యాద తగ్గిస్తారు. తర్వాత నాటకం. డబ్బిచ్చి కంపెనీని పిలిపించి, చచ్చిపోయిన రాజు దుర్మార్గుడని, డ్యూక్ మంచివాడని, మంత్రగత్తెలు కాగులో పసిపిల్లల్ని ఉడికించే రాక్షసులని నాటకం రాయిస్తాడు. గ్రానీ ప్రేక్షకుల్లో కూర్చుని దాన్ని చూస్తుంది. స్టేజీ మీద మగవాళ్ళు ముసలిముక్కులు పెట్టుకుని ఆమెలాగా వేషం వేశారు. జనం నమ్ముతున్నారు. ఎవరికీ బెదరని మనిషి అక్కడ మొదటిసారి కదిలిపోతుంది, ఎందుకంటే తను చనిపోయాక కూడా ఆ నాటకమే మిగులుతుందని ఆమెకి అర్థమైంది.

మేము ఈ భాగం రెండుసార్లు చదివాం. మనమీద ఈ నాటకం రెండు స్టేజీల మీద ఆడుతోంది. ఒకటి కిందన, మైదానంలో. కాలేజీలో చేరిన మొదటి నెలలోనే మాకు ఎదురైన మాట, "మీ ఏజెన్సీ వాళ్ళకి చేతబడి వచ్చంట కదే, నామీద చెయ్యకు బాబూ." నవ్వుతూనే అంటారు. రూములో ఎవరికైనా వాంతులైతే మా మంచాల వైపు చూస్తారు. మనందర్నీ కలిపి ఒకే మంత్రగత్తెని చేసిపెట్టారు వాళ్ళు. రెండో స్టేజీ మన ఊళ్ళోనే ఉంది. అక్కడ ఆ మామ్మ మీద అదే నాటకం మనవాళ్ళే ఆడిస్తున్నారు. మొదటి దానికి కోపం వస్తుంది మనకి, గ్రూపులో పోస్టులు పెడతాం, రావాల్సిందే. రెండో దాని గురించి రాస్తే మాత్రం మన పరువు బయటపడుతుందని, ఇప్పటికే మనల్ని అనాగరికులంటున్నారు ఇంకా వాళ్ళకి అవకాశం ఇస్తారా అని పెద్దలు ఆపుతారు. ఆ మాటలో న్యాయం కొంత ఉంది. టీవీ వాళ్ళొచ్చి వెనక డప్పు మ్యూజిక్ వేసి మన ఊరిని ఎలా చూపిస్తారో మాకూ తెలుసు. అందుకే వాళ్ళు రాసేలోపు మనం రాయాలంటున్నాం. నవల్లో కూడా ముగ్గురూ నాటకాన్ని ఆపరు. ఆడుతున్న నాటకంలోనే మాటలు మార్చేస్తారు, నటుల నోటి నుంచే జరిగిన నిజం జరిగినట్టు బయటికొచ్చేస్తుంది, హంతకుడు అక్కడే కూర్చుని ఉండగా. తర్వాత ఏమవుతుందో, రాజు ఎవరవుతారో చెప్పం, చదువుకోండి.

"ఇంగ్లీషోళ్ళకి నవ్వులాట, మనకి ప్రాణాలు" అని ఒక అన్న అన్నారు. అన్నా, వాళ్ళకీ ఒకప్పుడు ప్రాణాలే. ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో మంత్రగత్తెలని కోర్టులు పెట్టి మరీ చంపారు. అమెరికాలో సేలం ఊళ్ళో 1692లో పంతొమ్మిది మందిని ఉరితీశారు, వాళ్ళలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు. బ్రిటన్‌లో 1735 నాటి చట్టంతో మంత్రవిద్య నేరం కాకుండా పోయింది, నాకు మంత్రాలొచ్చని నమ్మించి మోసం చెయ్యడమే నేరమైంది. ఆ చట్టానికీ ఈ నవలకీ మధ్య రెండొందల యాభై ఏళ్ళు. అన్నేళ్ళు పట్టింది వాళ్ళకి గ్రానీ వెదర్‌వాక్స్‌ని చూసి హాయిగా నవ్వడానికి. మనం అంతకాలం ఆగాలా? పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో టోనహీ ముద్ర వెయ్యడం నేరమని 2005లోనే చట్టం చేశారు. ఒడిశాలో 2013లో చేశారు. చట్టం వచ్చినంత మాత్రాన హత్యలు ఆగిపోలేదు, అది కూడా నిజం.

మన దేశంలో నిజమైన గ్రానీలు ఉన్నారు కాబట్టి వాళ్ళ గురించీ రెండు మాటలు. అస్సాంలో బీరూబాలా రాభా, మనలాగే ఆదివాసీ. కొడుక్కి జబ్బు చేస్తే మంత్రాలవాడు మూడు రోజుల్లో పోతాడన్నాడు. పిల్లాడు పోలేదు. అక్కణ్ణుంచి ఆమె ఊరూరూ తిరిగి, ఆడవాళ్ళని కూడగట్టి, మంత్రగత్తెలని ముద్రపడిన వాళ్ళని కాపాడింది. 2024లో చనిపోయింది. ఝార్ఖండ్‌లో ఛుట్నీ దేవిని 1995లో మంత్రగత్తె అని కొట్టారు, ఊళ్ళోంచి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆమె తర్వాత తనలాంటి వాళ్ళకి ఆసరాగా నిలబడింది. ఇద్దరికీ 2021లో పద్మశ్రీ ఇచ్చారు. నిందపడిన మనిషి పక్కన ఇంకో ఆడమనిషి వెళ్ళి కూర్చోవడం, ఇద్దరూ చేసింది మొదట ఆ పనే.

పుస్తకంలో మాకు నచ్చనిదీ ఉంది. నానీ ఆగ్ తన కోడళ్ళని పనిమనుషుల్లా చూస్తుంది, వాళ్ళ పేర్లు కూడా పట్టించుకోదు, దాన్ని జోకుగానే రాశాడాయన. మేము నవ్వలేదు. ముగ్గురు ఆడవాళ్ళ స్నేహం అంత అందంగా రాసినాయనకి ఆ ఇంట్లో గిన్నెలు తోముతున్న కోడలు కనపడలేదా అనిపించింది. రేపు మేమూ ఎవరింటికో కోడళ్ళమే కదా. ఇంకోటి, లాంకర్ మరీ సుఖమైన చోటు. అక్కడ జనం మంత్రగత్తెని అవమానిస్తారు గానీ రాళ్ళు తియ్యరు. నిజంగా రాళ్ళు తీసే ఊరి గురించి ఇలాగే నవ్విస్తూ రాయగలరా? అది మనలో ఎవరో ఒకరు రాసి చూడాలి. మాగ్రట్ రాస్తానంటోంది, మేం నమ్మట్లేదు.

సంక్రాంతి సెలవులకి మాలో ముగ్గురం ఆ మామ్మ ఇంటికి వెళ్ళాం. చోడి అంబలి పోసింది, తాగాం, కారం బాగా ఎక్కువైన మెట్టకందుల పచ్చడితో. సాయంత్రం దాకా కూర్చున్నాం. మంత్రం గురించి ఎవరం ఎత్తలేదు, ఆవిడ మా హాస్టల్లో ఏం పెడతారు, ఎన్ని మంచాలు, రాత్రి దీపం ఎన్నింటికి తీస్తారు, ఇవే అడిగింది. చెప్పిందాంట్లో సగానికి నవ్వింది. పప్పులో నీళ్ళ సంగతి చెప్తే ఎక్కువ నవ్వింది. మేము బయటికొచ్చేసరికి వీధి చివర నలుగురు నిలబడి చూస్తున్నారు. ఆ రోజు నుంచి మా స్నేహితురాలితో వాళ్ళ మావయ్య మాట్లాడటం లేదు. ఇలాంటి పిల్లని రేపు ఎవరు చేసుకుంటారని అమ్మ ఏడ్చిందంట. ధింసాలో ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని ఆడతాం కదా, ఆ వరసలోకి ఆ మామ్మని పిలిచి ఎన్నేళ్ళయిందో ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు.

వేసవి సెలవులకి మళ్ళీ వెళ్తున్నాం, ఈసారి ఆరుగురం. ఒక్క ఊరికే ఎందుకు, మీ ఊళ్ళో కూడా అలాంటి మామ్మ ఉంటే, సంతలో ఆమె పక్కన గోనె పరుచుకుని కూర్చోండి. అబ్బాయిలూ కూర్చోవచ్చు, ఆడవాళ్ళ స్నేహం అన్నాం కదా అని తప్పించుకోకండి. పిప్పళ్ళు సరైన రేటుకి అమ్మిపెట్టినా చాలు. ఒక్కరే వెళ్ళొద్దు, ఇద్దరో ముగ్గురో కలిసి వెళ్ళండి. గొడవ ముదిరేలా ఉంటే ఆశ అక్కకీ, పోలీసులకీ ముందే చెప్పి ఉంచండి.

పుస్తకం ఇప్పుడు రెండో అంతస్తు వాళ్ళ దగ్గరుంది, అట్ట ఊడిపోయింది, 40వ పేజీ దగ్గర చారు మరక ఉంది. కావాల్సిన వాళ్ళు కింద పేరు రాయండి, వరసలో పంపిస్తాం. మార్జిన్లలో పెన్సిల్‌తో తెలుగు అర్థాలు రాశాం, చెరపకండి.